మావయ్యకి విశ్రాంతి ఇప్పించిన పది రోజులు

ఆ రోజుల్లో మా వైపు డాక్టర్లు రక్తపోటుకి రాసే మందుల్లో 'గాలి మార్పు' ఒకటి. అది షాపుల్లో దొరికేది కాదు కాబట్టి, దూరాన ఉద్యోగం చేసుకుంటున్న బంధువు ఎవడో ఒకడు సరఫరా చెయ్యాల్సి వచ్చేది. నేనప్పుడు కలకత్తా పక్కన లిలువాలో, రైల్వేలో బొమ్మలు గీసే ఉద్యోగంలో (యంత్రాల బొమ్మలే) కొత్తగా చేరి, ఒక బెంగాలీ ఇంట్లో వీధిగది అద్దెకి తీసుకుని ఉండేవాణ్ని. శ్రీకాకుళం నుంచి మా మేనమామ పది రోజుల గాలి మార్పు కోసం నా దగ్గరికి బయల్దేరాడు. (ప్రశాంతతని వెతుక్కుంటూ హౌరా స్టేషన్లో దిగిన మొదటి మనిషి ఆయనే అయ్యుంటాడు.) ఆయనకంటే ముందే అత్తయ్య ఉత్తరం వచ్చి చేరింది. "పది రోజుల్లో బీపీ దిగకపోతే విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చేర్చేస్తానన్నాడు డాక్టరు. మీ మావయ్య అరవకూడదు, వాదించకూడదు, ఆవేశపడకూడదు. ఏటైనా అయితే నీదే పూచీ నాయినా." ఆ మూడూ తీసేస్తే మావయ్యలో మిగిలేది పంచె ఒక్కటేనని అత్తయ్యకీ తెలుసు, నాకూ తెలుసు.

అయినా చదువుకున్నవాణ్ని కదా, శాస్త్రీయంగా వెళ్దామనుకున్నాను. నా విశ్రాంతి కోసం దాచుకున్న సెలవంతా ఆయన విశ్రాంతికి పెట్టాను. ఫుట్‌పాత్ మీద కొన్న ఒక ఇంగ్లీషు పుస్తకం ప్రకారం, దిగిన మర్నాడే మావయ్యని చాప మీద పడుకోబెట్టి, కళ్లు మూసుకుని నిశ్చలంగా ఉన్న ఓ చెరువుని ఊహించుకోమన్నాను. రెండు నిమిషాలు ఊహించుకున్నాడు. మూడో నిమిషంలో దిగ్గున లేచి కూర్చున్నాడు. "చెరువేటిరా గుంటడా! మా చెరువు తూము తగువు ఏడేళ్లయి కోర్టులో నలుగుతోంది. ఆ పొరుగూరోళ్లు రాత్రికి రాత్రి..." అంటూ మొదలుపెట్టి, మధ్యాహ్నం భోజనాల దాకా ఆపలేదు. సందు చివర మందుల షాపు కాంపౌండరు ఆయన చేతికి బీపీ పట్టీ చుట్టి చూసి, నాతో విడిగా, "పేషెంటుకి విశ్రాంతి ఇస్తున్నారా?" అని అడిగాడు. ఇస్తూనే ఉన్నానన్నాను.

మూడోనాడు సాయంత్రం కరెంటు పోయింది. లిలువాలో అదేం వార్త కాదు. పోగానే వీధంతా విసనకర్రలతో అరుగుల మీదికి చేరేది. మావయ్య కూడా వెళ్లి ఎదురింటి అరుగు మీద ఓ పెద్దాయన పక్కన కూర్చున్నాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, అందరికీ 'మాస్టర్‌మొశాయ్' (అంటే మాస్టారుగారే). ఆయనకి తెలుగు రాదు, ఈయనకి బెంగాలీ రాదు, ఇద్దరికీ కొంత ఇంగ్లీషూ అంతకంటే తక్కువ హిందీ వచ్చు. నేను టీ కాచుకుని వచ్చేసరికి అరుగు మీద యుద్ధం జరుగుతోంది. గంగలో ఇలిష్ చేపని మించినది సృష్టిలో లేదని మాస్టారు, గోదావరి పులస ముందు అది బలాదూరని మావయ్య. (మావయ్య పులస తిన్నది జన్మలో ఒక్కసారి, అదీ ఎవరిదో పెళ్లిలో.) "ఇంపాజిబుల్, సార్!" అని ఈయన, "అరే బాబా, నా నా!" అని ఆయన. నాకు అత్తయ్య ఉత్తరం కళ్లముందు ఆడింది. "మావయ్యా, లోపలికి పద," అని చెయ్యి పట్టుకున్నాను. "ఉండ్రా, ఈయన ఓడిపోతన్నాడు," అన్నాడు మావయ్య.

అప్పట్నుంచి పొద్దున్న టీ దగ్గర మొదలై రాత్రి భోజనం వరకూ అదే వరస. చేపలయ్యాక మామిడిపళ్లు, మామిడిపళ్లయ్యాక మంత్రులు, మంత్రులయ్యాక ఫుట్‌బాల్. కాంపౌండరు దగ్గరికి తీసుకెళ్లే ధైర్యం నాకు లేకపోయింది. ఐదో రాత్రి నేనొక్కణ్నే వెళ్లి మాస్టారి కాళ్లమీద పడ్డంత పని చేశాను. "మొశాయ్, ఆయనకి బీపీ. దయచేసి ఏమన్నా ఒప్పేసుకోండి." మాస్టారు చాలాసేపు ఆలోచించి, ఒక ప్రాణం కోసమైతే సరేనన్నారు.

మర్నాడు పులసే గొప్పదన్నారు. మామిడి కూడా మీదే అన్నారు. మావయ్య గంటకే ఇంటికొచ్చేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం ముట్టలేదు. "ఏటిరా, ఆయనకి ఒంట్లో బాగోనేదేటి? నేనేటన్నా అవును అవునంటన్నాడు," అన్నాడు. రాత్రంతా దొర్లుతూనే ఉన్నాడు. నాకూ నిద్ర లేదు. తెల్లారి కాంపౌండరు చూస్తే, బీపీ ఆ చెరువు రోజుకంటే ఎక్కువ! పరుగున మాస్టారింటికి వెళ్లాను. ఆయన ముఖమూ పీక్కుపోయి ఉంది. "అంతసేపు ఒప్పుకోవడం నా వయసుకి మంచిది కాదు, బాబా. రాత్రంతా గ్యాస్," అన్నారు. చెంపలేసుకుని, మీ ఇష్టం వచ్చినట్టు వాదించుకోండి అన్నాను. పావుగంటలో వీధి దద్దరిల్లింది. ఆ పూట మావయ్య మారు వడ్డించుకున్నాడు. (ఇలిష్, పులస ఒకే జాతి చేపలని నాకు తెలుసు. కానీ ఆ మాట చెప్పి అంతటి విశ్రాంతిని పాడుచేసే హక్కు నాకెక్కడిది?)

పదోనాడు కాంపౌండరు రెండుసార్లు చూసి, "నార్మల్! ఏం చేశారు?" అని ఆశ్చర్యపోయాడు. నా వాలకం చూసి, అడక్కుండానే నా చేతికీ పట్టీ చుట్టాడు. "మీరు కొన్నాళ్లు ఎక్కడికైనా గాలి మార్పుకి వెళ్లాలి," అన్నాడు.

హౌరాలో బండి కదిలేదాకా ఆ ఇద్దరూ కిటికీ ఊచలకి అటూ ఇటూ నిలబడి పోట్లాడుకున్నారు. ఆఖరిమాట మావయ్యదే, బండి ఆయన పక్షాన కదిలింది కనక. తిరుగు లోకల్ బండిలో వచ్చి లిలువాలో దిగాక, మాస్టారు "రేపట్నుంచి ఎవరితో పోట్లాడాలి నేను?" అన్నారు. "నాతో పోట్లాడండి మొశాయ్," అన్నాను. ఆయన నన్ను తేరిపార చూసి, జాలిగా భుజం తట్టారు. "నువ్వా? నువ్వు అన్నిటికీ సరేనంటావు, బాబా," అన్నారు. "సరే," అన్నాను నేను.

అప్పటికి నాకు పెళ్లి కాలేదు, ఆఫీసులో ఓ ఫైలు మీదైనా అభ్యంతరం రాసి ఎరగను. తర్వాతి ముప్ఫై ఏళ్లలో కొంత బాగుపడ్డానని మా ఇంట్లోవాళ్లంటారు. ఆ మాస్టారు ఇప్పుడుంటే నన్ను చూసి సంతోషించేవారు. లేదా, బాగుపడిందేమీ లేదని వాదించేవారు.