జోగమ్మ దించని చెయ్యి

పోయిన మంగళవారం పొద్దున హెలికాప్టర్ మా ఆఫీసు మీదుగా వెళ్ళింది. కిటికీ అద్దం సన్నగా అదిరింది. బల్లమీది టీ గ్లాసులో వలయాలు లేచాయి. కిటికీ గూట్లో పెట్టుకున్న సొరకాయ బుర్ర మాత్రం పలకలేదు. లేచి వెళ్ళి దాని మూతి చెవికి ఆనించుకున్నాను. ఎండిన గింజల వాసన, ఎన్నటిదో పొగ వాసన వచ్చాయి, అంతే. మా సెక్షన్లో కొత్తగా చేరినవాళ్ళు దాన్ని నేను అలంకారానికి పెట్టుకున్నాననుకుంటారు. ఒకమ్మాయి దానిమీద పువ్వులు గీసిస్తానంటే కసిరాను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని పేరు. ఆ పేరు చెడకుండా నేనూ నా వంతు కష్టపడుతుంటాను. ఆ బుర్ర జోగమ్మది. ములకలపల్లి అడవి అంచున, ఒక కోయ ఊళ్ళో జొన్నచేను కాపలా కాసిన మనిషి ఆమె. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. నాకు చదువు చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు, పని నేర్పింది మాత్రం ఆమే.

ఇది రెండువేల తర్వాతి తొలి పదేళ్ళలోని మాట. మేమప్పుడు సైన్యం కోసం కొత్త హెలికాప్టర్ ఒకటి తయారు చేస్తున్నాం. ఇద్దరే కూర్చునే సన్నటి యంత్రం. గుట్టల చాటున నక్కి శత్రువు జాడ పసిగట్టడం, అవసరమైతే తనే దెబ్బకొట్టి తప్పుకోవడం దాని పని. దాని బలమంతా వేగంలోనే ఉంది. "చప్పుడు విని తలెత్తేలోపు మనం నెత్తిమీద ఉంటాం" అని మా పెద్దసారు ప్రతి మీటింగులోనూ అనేవారు. ఆ మాట నిజమో కాదో తేల్చే చప్పుళ్ళ విభాగంలో నేను మూడేళ్ళ అనుభవమున్న ఇంజనీరును. మాట అబద్ధమైతే చచ్చేది మీటింగులో కూర్చున్నవాళ్ళు కాదు, ఆ రెండు సీట్లలో కూర్చున్నవాళ్ళు. ఈ సంగతి నాకు తెలుసు. తెలియడం వేరు, ఒంటికి పట్టడం వేరని అప్పటికింకా తెలియదు.

పరీక్షకు అడవీ గుట్టలూ కావాల్సి వచ్చాయి. నాది పాల్వంచ. నాన్న థర్మల్ కేంద్రంలో షిఫ్టు డ్యూటీలు చేసేవాడు. "మీ ఊరి పక్కనే కదమ్మా, వాళ్ళ భాష నీకొచ్చు" అని నన్ను పంపారు. వాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడుకునే కోయ నాకు ఒక్క ముక్క రాదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఊరివాళ్ళను పదిమందిని పిలిచి అడవిలో పదిచోట్ల కూర్చోబెట్టాం. హెలికాప్టర్ ఎప్పుడొస్తుందో, ఎటునుంచి వస్తుందో చెప్పం. చప్పుడు వినగానే చెయ్యెత్తాలి. చెయ్యి లేచిన దగ్గర్నుంచి అది నెత్తిమీదికి వచ్చేదాకా ఎంతసేపు పట్టిందో పక్కనున్న మావాళ్ళు గడియారం చూసి రాసుకోవాలి. పదిచోట్లలో నాకు జోగమ్మ మంచె దక్కింది.

యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. చుట్ట ఆరిపోయినా నోట్లోంచి తీసేది కాదు. నేను నిచ్చెన పట్టుకుని తంటాలు పడుతుంటే పైనుంచి చూసి నవ్వింది. "పాల్వంచ పిల్లవంట గదా, గింత నిచ్చెన ఎక్కరాదా నీకు?" అంది. ఎక్కి కూర్చుని, ఏం చెయ్యాలో బడిపిల్లకు చెప్పినట్టు చెప్పాను. అంతా విని తలూపింది. కాసేపటికి చెయ్యెత్తింది. నాకు జొన్నాకుల గలగల, చిలకల గోల తప్ప మరేమీ వినబడలేదు.

"చెయ్యి దించు పెద్దమ్మా. వినబడ్డంక ఎత్తాలె" అన్నాను.

"వినబడ్డది కాబట్టే ఎత్తిన."

"నాకేం వినబడ్తలేదు గదా."

"నీకు వినబడితే ఎత్తమన్నవా, నాకు వినబడితే ఎత్తమన్నవా?"

ఆ చెయ్యి అలాగే ఉంది. చాలాసేపటికి నాకూ చప్పుడు వినబడింది. వినబడిందని అనుకునేలోపే యంత్రం నెత్తిమీద ఉంది. పెద్దసారు చెప్పింది నా విషయంలో అక్షరాలా నిజమే.

రెండోసారి ఆమెనే కనిపెట్టి చూశాను. నీళ్ళు తాగే సొరకాయ బుర్రను ఖాళీ చేసి, మూతిని చెవికి ఆనించుకుని కూర్చుంది. అదేమిటని అడిగితే దాచలేదు. "మా పోడు చేలల్లకు ఫారెస్టోళ్ళ జీపొస్తది బిడ్డా. అదొచ్చేలోపు ఎడ్లు, నాగండ్లు అవతలుండాలె. ఇరవై ఏండ్ల సంది గీ మంచె మీదికెల్లి నేనే కేకేస్తున్న. జీపుకు ఈ బుర్ర పలుకుతది. లారీకైతే ఇంకా పెద్దది కావాలె. నీ విమానానికి ఇది జీపు కంటె గట్టిగ పలుకుతున్నది." మూడోసారి యంత్రం వచ్చేముందు బుర్ర నా చెవికి పెట్టింది. లోపల ఎవరో నిద్రలో మూలుగుతున్నట్టు సన్నటి హోరు. తీస్తే లేదు, పెడితే ఉంది. దూరం నుంచి ముందుగా చేరేది పైనున్న పెద్ద రెక్కల చప్పుడు కాదు, తోకలో తిరిగే చిన్న పంకా తీసే ఒకే ఒక్క శ్రుతి. ఆ శ్రుతి ఆకుల చప్పుడులో కలిసిపోతుంది. ఆ బుర్ర మాత్రం దాన్ని ఏరి పట్టుకుంటోంది. కాలేజీలో ఈ సూత్రాన్ని పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. ఆమె దాంతో ఊరిని కాపాడుకుంటోంది.

సాయంత్రం క్యాంపులో పెద్దసారు కాగితాలు తిరగేశారు. ఆయన చెడ్డవాడు కాదు. పదేళ్ళుగా ఆ యంత్రమే లోకంగా బతికిన మనిషి. "తొమ్మిదిమంది ఒకలా ఉన్నారు, ఈవిడ ఒక్కతే ఇంకోలా ఉంది. ఊహించి ఎత్తేస్తోందమ్మా. కొట్టేయ్" అన్నారు. బుర్ర సంగతి చెప్పబోయాను. "బుర్రలూ బుడ్లూ రిపోర్టులో రాస్తామా? వచ్చేవారం సైన్యం పెద్దవాళ్ళు చూడటానికి వస్తున్నారు" అన్నారు. కొట్టేశాను. పెన్ను నాది, చెయ్యి నాది. ఎవరూ నా మణికట్టు పట్టుకోలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ గీత తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు మంచె ఎక్కగానే జోగమ్మ అడిగిన మొదటి మాట అదే. "నిన్న నాది ఏమని రాసినవ్ బిడ్డా?" చూసినట్టే రాశానని చెప్పబోయి తలొంచుకున్నాను. ఆమెకు అర్థమైపోయింది.

"నా ముంగట ఎత్తమంటివి. నా ఎనకాల దించుతివా?"

తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాటన్నాక చుట్ట ముట్టించుకుని అటు తిరిగి కూర్చుంది.

ఆ పొద్దే పెద్దసారు స్వయంగా మంచె దగ్గరికి వచ్చారు. చేతిలో వాకీటాకీ ఉంది. బుర్ర పక్కన పెట్టి ఉత్త చెవితో వినమని ఆమెకు చెప్పారు. జోగమ్మ మంచె మీదినుంచే జవాబు చెప్పింది. "మీ మీదికి తుపాకి పట్టుకొచ్చేటోడు మీ రూలు చదువుకొని వస్తడా సారూ? వాని చేతిలో ఏముంటదో మీకెట్ల ఎర్క?"

సారు నవ్వారు. "అడవిలో బుర్ర పట్టుకుని కూర్చునేవాడెవడమ్మా?"

"నేను కూసున్న గదా. సరే, మల్లొక్కపారి పంపుండ్రి. ఆ తోలేటాయనను మంచె మీద నేనున్ననో లేనో చూసి చెప్పమనుండ్రి. జాడ తీసుడే గదా దాని పని!"

సారు ఒప్పుకున్నారు. ఆమె నోరు మూయించడానికి అదే దగ్గరి దారి అనుకున్నారేమో. వాకీటాకీలో పైలట్‌కు చెప్పారు. నేను దిగి వచ్చాను, సారూ నేనూ మంచె కింద నిలబడ్డాం. కొంతసేపటికి పైన చెయ్యి లేచింది. మాకేమీ లేదు. జోగమ్మ బుర్రను జాగ్రత్తగా చంకన పెట్టుకుంది. నిచ్చెన దిగింది. తొందరేమీ లేదు, దిగేటప్పుడు కొంగు మేకుకు తగులుకుంటే ఆగి విడిపించుకుంది. చేను గట్టు దాటి, నల్లమద్ది చెట్టు వెనక్కి వెళ్ళి కూర్చుంది. అప్పుడు వినబడింది మాకు. వెంటనే చేనంతా వంగిపోయింది, నీడ మామీదుగా దూసుకుపోయింది. వాకీటాకీలో పైలట్ గొంతు పలికింది. "మంచె ఖాళీ. కింద ఇద్దరున్నారు, ఒకరు మీరే సార్. ఆవిడ ఏది?"

జోగమ్మ చెట్టు వెనకనుంచి లేచి చీరకంటిన ఆకులు దులుపుకుంది. "గంతసేపట్ల నేను దాక్కున్న. తుపాకి ఉన్నోడైతే దాక్కుంటడా?" అంది. సారు మొహం చూడలేకపోయాను. ఆయన మీద గెలిచినట్టు నాకేమీ అనిపించలేదు, ఆ రెండు సీట్లే కళ్ళముందు కనబడ్డాయి. మధ్యాహ్నం ఆ పైలట్ వెతుక్కుంటూ ఆమె ఇంటికి వచ్చాడు. ముప్పై కూడా లేని పిల్లవాడు. నీళ్ళడిగి తాగి, బుర్ర చెవికి పెట్టుకుని, పరీక్షకు తెచ్చిన అదే రకం రెండో హెలికాప్టర్ వచ్చిపోయేదాకా కదలకుండా కూర్చున్నాడు. "నన్ను ఇంత ముందు వింటారని ఎవరూ చెప్పలేదే" అని ఒక్కమాట అన్నాడు.

క్యాంపుకు వెళ్ళి, పదిచోట్లా పెట్టిన మైకుల రికార్డింగు గ్రాఫులు తీశాను. జోగమ్మ చెయ్యి లేచిన ప్రతి క్షణంలోనూ వెంట్రుకంత సన్నని గీత ఉంది. ఆకుల చప్పుడనుకుని మేమే తుడిచేసిన గీత. నిన్న కొట్టేసిన వరసను మళ్ళీ రాశాను. పక్కన బుర్ర బొమ్మ కూడా గీశాను. కింద జోగమ్మ పేరు, ఊరి పేరు, నా సంతకం పెట్టాను. పెద్దసారు చాలాసేపు చూసి, "సంతకం నీది. వచ్చేదేదో కూడా నీకే" అన్నారు. "అలాగే సార్" అన్నాను. అన్నమాట ప్రకారమే వచ్చింది. నెల తిరక్కుండా నన్ను ఆ ప్రాజెక్టు నుంచి తీసేసి, పాత ఫైళ్ళకు నంబర్లు వేసే గదిలో కూర్చోబెట్టారు.

ఊరు వదిలే ముందు జోగమ్మకు చెప్పడానికి వెళ్ళాను. రాసిన కాగితం చదివి వినిపిస్తే తన పేరు దగ్గర మళ్ళీ చదవమంది. తర్వాత అడిగింది.

"ఇది ఎవరి మీదికి బిడ్డా?"

"సరిహద్దుల్ల, కొండల్ల... శత్రువుల మీదికి."

"మరి మా కొండ మీద తిప్పుతున్నరేంది?"

"కొండేదైనా కొండే గదా అని."

"మనిషేదైనా మనిషే అని గూడ అంటరా?"

ఆమె చుట్టను అరికాలి కింద ఆర్పి, పొయ్యి పక్కనున్న బుర్ర తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు రాసినవ్ గద, ఇగ వాళ్ళు దాని గొంతు నొక్కుతరు. అవ్ నా?"

"అవ్ పెద్దమ్మా."

"అట్లయితే అది ఎన్నడన్న మా మీదికొస్తే నాకు వినబడది."

ఆ ముక్క నాకు అప్పటిదాకా తట్టనే లేదు. నిజం రాశానన్న పొగరుతో వచ్చినదాన్ని, నీరుకారిపోయాను. "తెలిసి మరి రాయొద్దని ఎందుకనలే?" అని అడిగాను.

"ఆ తోలే పిల్లగాడు నా ఇంట్ల నీళ్ళు తాగిండు. వాడు చస్తడని తెలిసి నోరు మూసుకొని కూసుంటే నేను మనిషినైతనా?" బుర్ర తీసి నా చేతుల్లో పెట్టింది. "నా చెవి పట్టుకపోతున్నవ్ బిడ్డా. ఉత్తగ గాదు. అది మా దిక్కు మల్లిననాడు నువ్వు చెయ్యెత్తాలె. పక్కోడు ఎత్తేదాక ఆగకు."

రెండేళ్ళకు ఇంకోచోట, ఇంకో పెద్ద పరికరంలో అదే గీత కనబడ్డాక నా కాగితం వెతికి తీశారు. నన్నూ ఆ గదిలోంచి వెనక్కి పిలిచారు. తోక పంకా రెక్కల మధ్య దూరాలు మార్చారు. ఒకే శ్రుతి విరిగి నాలుగు ముక్కలై, గాలిలో కలిసిపోయింది. జోగమ్మ నిరుటి వానాకాలంలో జ్వరంతో పోయిందని వాళ్ళ తమ్ముడి కొడుకు ఫోన్ చేస్తే తెలిసింది. ఆమె నేర్పిన చదువుతోనే ఆమె బుర్రను మూగదాన్ని చేశాను. దానికి గర్వపడాలో ఏడవాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మంగళవారం మధ్యాహ్నం మీటింగు జరిగింది. ఈ యంత్రాన్ని సరిహద్దులకే కాకుండా మన అడవుల మీద మనుషుల జాడ తీయడానికి కూడా పంపవచ్చా అని మా అభిప్రాయం అడిగారు. తెరమీద పటం వేశారు. దానిలో ఊళ్ళ పేర్లు లేవు, పచ్చరంగు మాత్రమే ఉంది. ఆ పచ్చరంగులో మంచె ఎక్కడుందో నాకు తెలుసు. "అభ్యంతరాలేమైనా ఉన్నాయా?" అని అధ్యక్షులు అడిగారు. కాగితాలు సర్దుకుంటున్న చప్పుడు. బల్ల చుట్టూ అందరి చేతులూ బల్లమీదే ఉన్నాయి.

నేను చెయ్యెత్తాను.

అధ్యక్షులు అటూ ఇటూ చూశారు. "ఇంకెవరికీ ఏమీ అనిపించడం లేదు కదమ్మా. చెయ్యి దించండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

"నాకు వినబడింది సార్, అందుకే ఎత్తాను" అన్నాను.

దించలేదు.