మక్కు కింద మార్కులు

ఏడో తరగతిలో బడి మానేసి బేల్దారి పనికి పోయినవాణ్ని. ప్రొద్దుటూరులో ఎన్నో గోడలు లేపాను గానీ, ఇంటికి కూడా పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారని కువైట్ నుంచి వచ్చిన మామ చెప్పేదాకా తెలియదు. నాకే లేని సర్టిఫికెట్ నేను కట్టిన గోడకెందుకో! నీళ్లు, కరెంటు వృథా కాని ఇల్లయితే ఇస్తారట. నేను కట్టబోయే తన ఇంటికి అది వస్తే, పులివెందులలో తన తమ్ముడి ఇల్లు కట్టే పని కూడా నాకే అప్పగిస్తానన్నాడు. వెంటనే భక్తి కుదిరింది.

కలమల్ల కరెంటు కేంద్రం వైపు నుంచి బూడిద ఇటుకలు తెప్పించాను. పడగొట్టిన పాత ఇంటి టేకు తలుపులు పారేయడానికి మామకు మనసు రాక, వాటినే బిగించమన్నాడు. తీరా తనిఖీకి మేడమ్ వస్తోందనగానే నాకు ఆ తలుపుల దిగులు పట్టుకుంది. కొత్త ఇంట్లో పాత తలుపులు చూస్తే పరువేం కాను? మేకుల బొక్కలన్నీ మక్కుతో పూడ్చి, రెండు పూతలు రంగు కొట్టాను. తలుపు పెళ్లికూతురిలా ఉందని మామ మురిసిపోయాడు.

మేడమ్ కిటికీలు తెరిచి మూసింది. కొళాయి కింద చెంబు పెట్టి నీళ్లు కొలిచింది. చివరికి, పాత సామాను ఏమైనా వాడారా అని అడిగింది.

"మేం అట్లాంటోళ్లం కాదు మేడమ్. అంతా కొత్తదే," అన్నాను. మామ కూడా గట్టిగా తలూపాడు.

ఆమె సున్నా రాసుకుంది. పాత సామాను వాడితే మార్కులట!

తలుపులు మామ తాత నాటివని అప్పుడు మొదలుపెట్టాను. ఇందాక కొత్తవన్నారు కదా అని నవ్విందామె. బడిలో అబద్ధాలు చెప్పి దెబ్బలు తప్పించుకున్న నేను, నిజం చెప్పి నమ్మించలేక నిలబడ్డాను.

"గీకప్పా, చూస్తాండావేంది?" అన్నాడు మామ.

రెండు రోజుల నా పనితనాన్ని నా చేత్తోనే గీకాను. మేకుల బొక్కలు బయటపడుతుంటే మామ చప్పట్లు కొట్టడమొక్కటే తక్కువ. మేడమ్ ఫొటోలు తీసుకుని, పాత ఇంటి ఫొటో కూడా అడిగింది. మామ కువైట్‌కు పోయేరోజు ఆ తలుపు ముందరే తీయించుకున్నది దొరికింది. సర్టిఫికెట్ వచ్చింది, పులివెందుల పనీ వచ్చింది.

అయితే తమ్ముడిది ఖాళీ జాగా. పడగొట్టడానికి పాత ఇల్లే లేదు. మార్కుల కోసం పాత తలుపులు యాడన్నా చూడమని మామ ఆ పని నా మీద పెట్టాడు. మొన్న జమ్మలమడుగులో ఇల్లు పడగొడుతున్న ఒక అవ్వను అడిగితే, పుచ్చిపోయినవి ఎందుకని, ఇంకా వాడని కొత్త తలుపు చూపించింది. వద్దు, పాతదే కావాలన్నాను.

"నీ తలకేమన్నా తగిలిందేంది నాయనా?" అందామె.

నాకూ అదే అనుమానంగా ఉంది.