కార్డులో పట్టని మనుషులు

గుంటూరులో నేను పనిచేసిన పెద్ద బ్యాంకుకు అరవైల్లో ఒక లెడ్జరు మెషిన్ వచ్చింది. అంకెలు టైపు కొట్టినట్టు కొడితే అదే కూడి, తీసివేసి ఖాతా కార్డు మీద అచ్చు వేస్తుంది. బి.ఎస్సీ. లెక్కలు చదివిన పాపానికి నన్ను మద్రాసు పంపి పదిహేను రోజులు శిక్షణ ఇప్పించారు. తిరిగొచ్చేసరికి బ్రాంచిలో మెషిన్ తర్వాత అంత తెలివైనవాణ్ణి నేనే. ఆ వరస నిర్ణయించిందీ నేనే.

మొదటి పని, పాత కార్డుల్లో ఉన్నదంతా కొత్త కార్డుల్లోకి ఎక్కించడం. పాతవాటి అంచుల్లో మా హెడ్ క్లర్కు గారు ఏళ్ల తరబడి పెన్సిలుతో రాసుకున్న ముక్కలుండేవి: ‘చుట్ట కాల్చడు’, ‘కుడి చెవికి పోగు’, ‘పెద్దోడి కొడుకు’. కొత్త కార్డులో పేరుకు, ఊరికి, నంబరుకు చోటుంది. చెవిపోగుకు లేదు. వదిలేశాను.

“ఏమయ్యా బియ్యస్సీ, నా రాతలు ఎక్కించలేదే?” అన్నారాయన.

“మెషిన్‌కి చుట్టలతో పనేముందండీ మాస్టారూ? నంబరుంటే చాలు.”

“మన రైతుకి నంబరెక్కడ గుర్తుంటుందయ్యా!”

“నేర్చుకుంటార్లెండి. మీరు సంతకాలు పెట్టండి.”

ఆయన నవ్వి, సరిచూసినట్టు ప్రతి కార్డు కిందా సంతకం చేశారు. చూడలేదు. నన్ను నమ్మారు.

మా వైపు అన్నదమ్ములిద్దరూ తమ మొదటి కొడుక్కి తాత పేరే పెట్టుకుంటారు. పొన్నూరు దగ్గర ఒక ఊళ్లో అలాంటి మనవలిద్దరున్నారు. ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే, ఇద్దరికీ మా దగ్గరే ఖాతా. వాళ్లలో పెద్దోడి కొడుకు మిర్చి అమ్మిన డబ్బు కట్టి, చీటీ మీద పేరూ ఊరూ మాత్రం రాయించి వెళ్లాడు. నంబరు నేను వేశాను, ముందు చేతికి తగిలిన కార్డు చూసి. అది చిన్నోడి కొడుకుది.

వారం తిరక్కుండా, పెద్దోడి కొడుకు ఆయిల్ ఇంజను కొని ఇచ్చిన చెక్కును ఖాతాలో డబ్బు లేదని తిప్పి పంపాం. దుకాణంవాళ్లు చేలోకి వెళ్లి, ఊరంతా చూస్తుండగా ఇంజను విప్పి బండికెక్కించుకుపోయారు.

మర్నాడు అతను కౌంటరు మీద గుద్ది అరిచాడు. “ఎవడయ్యా ఇక్కడ లెక్కలు రాసేది? ఊళ్లో తలెత్తుకు తిరగనిచ్చారా నన్ను?”

హెడ్ క్లర్కు గారు అతని కుడి చెవి వైపు ఒక్కసారి చూశారు. “నువ్వు పెద్దోడి కొడుకువి కదూ? కూర్చో అబ్బాయ్,” అన్నారు. తప్పు పట్టుకోవడానికి ఆయనకు అయిదు నిమిషాలు పట్టింది. మెషిన్ అప్పటికి వారంగా ఏమీ అనుమానించలేదు.

విచారణకు వచ్చిన అధికారి, ఇద్దరినీ వేరుచేసే గుర్తేదీ లేని ఆ కార్డు ఎత్తి చూపించి, “సరిచూసినట్టు ఈ సంతకం ఎవరిది?” అన్నాడు.

“నాదేనండి.”

నేను పక్కనే ఉన్నాను. అలాంటప్పుడు ఏం మాట్లాడాలో మద్రాసులో నేర్పలేదు.

రిటైరవడానికి ఏడాది ఉందనగా ఆయన్ని ఎక్కడో దూరపు బ్రాంచికి బదిలీ చేశారు. మెషిన్ తెలిసినవాణ్ణి కదిలించడం కుదరదని నన్ను ఉంచారు. వెళ్లేరోజు ఆయన నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“పెన్సిలు తియ్యవయ్యా. ఒక్కొక్కరినే చెబుతాను.”

పూటంతా చెప్పారు. కొత్త కార్డుల అంచుల్లో నా చేత్తోనే రాశాను. ‘మాస్టారూ, తప్పు నాదని చెబుతాను’ అన్న మాట నోటిదాకా వచ్చింది. అప్పుడే ఆయన, “ఇంకొకటి రాసుకో,” అన్నారు.

రాసుకున్నాను.