నక్షాలో నన్ను నడిపించిన సార్

మా స్ట్రక్చర్ సార్ పోయారని పోయిన నెల మానుకోట నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆయన భార్య. "మీ సార్ ఇగ లేడమ్మా. పొద్దున దవాఖానకు తీస్కపోయేలోపే..." అని ఆగి, "నువ్వేదో డ్రాయింగ్ పంపిస్తనన్నవట, ఇగ పంపకు" అన్నారు. ఆ డ్రాయింగ్ అప్పుడు నా ఎదురుగా తెర మీదే ఉంది.

నేను జనగామలో ఇళ్లకు, చిన్న చిన్న ప్రభుత్వ భవనాలకు ప్లాన్లు గీస్తాను. ఆ ప్లాన్ నిలబడాలంటే పునాది ఎంత లోతు, స్తంభాలు ఎక్కడ అని లెక్కగట్టి గీసే స్ట్రక్చరల్ ఇంజనీరు మా సార్. మానుకోట రైల్వే స్టేషన్ పక్క గల్లీలో ఆయన ఆఫీసు. ఏళ్ల తరబడి కలిసి పనిచేశాం కానీ ఎదురెదురుగా కూర్చున్నది తక్కువ. మా స్నేహమంతా ఫోన్లోనే. స్నేహం అనొచ్చా? నాకంటే చాలా పెద్దాయన. ఉండి ఉంటే, "అనుకో, ఏంబోయింది" అనేవారేమో.

మా ఇద్దరి సాఫ్ట్‌వేర్లు వేరు. నాది కొత్తది, ఆయనది చేతికి అలవాటైన పాతది. "మన కంప్యూటర్లు రెండు వియ్యంకుల లెక్కమ్మా. మర్యాదలు మస్తు, మాటలే కలువయి" అనేవారు.

ఈ పని తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. భవనం కట్టే స్థలం సర్వే ఒక ఫైలు, నా ప్లాన్ ఇంకో ఫైలు. సర్వేను నా ప్లాన్‌లోకి కాపీ చేయను, లింకు పెడతాను. అంటే సర్వే ఎక్కడుందో ఆ చిరునామా మాత్రమే నా ఫైల్లో ఉంటుంది. తెరిచినప్పుడల్లా సర్వే అక్కడి నుంచి వచ్చి నా గీతల కింద పరుచుకుంటుంది. అదే ఫైలు సార్ దగ్గరికి వెళ్తే ఆ చిరునామా దొరక్కపోవచ్చు. దొరికినా ఆయన సాఫ్ట్‌వేర్ దాన్ని తెరవలేకపోవచ్చు. అప్పుడు ఆ చోటు ఖాళీగా ఉంటుంది. తప్పు జరిగినట్టు కనిపించదు, నిజంగానే అక్కడ ఏమీ లేనట్టు కనిపిస్తుంది.

అందుకని సార్ ఒక పద్ధతి పెట్టుకున్నారు. అందరూ "వచ్చిందా?", "వచ్చింది" అనుకుని ఫోన్ పెట్టేస్తారు. ఆయన మాత్రం ఫోన్ చేయగానే, "గేటు కాడ నిలవడు" అనేవారు. ఆయన తన తెర మీద, నేను నా తెర మీద గేటు దగ్గర నిలబడేవాళ్లం.

"నడువు. కుడి దిక్కు ఏమున్నది?"

"యాపచెట్టు సార్."

"నాకు గూడ ఉన్నది. పద."

అలా హద్దు వెంట స్థలమంతా తిరిగేవాళ్లం. మధ్యలో స్టేషన్లో మైకు మోగితే, "ఆగు, రైలు పోనియ్" అనేవారు. ఆ రైలు పోయేదాకా నేనూ ఇక్కడ, నక్షాలో ఏ చెట్టు కిందో ఆగేదాన్ని.

మొదట్లో చాదస్తం అనిపించింది. ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్లో పెట్టి పంపుతున్నాను కదా, ఇంకెందుకు అని. పోను పోను అదే ఊరటైంది. తలుపుకు తాళం వేసి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసే రకం నేను. పంపిన ప్రతి డ్రాయింగులో ఏదో తప్పుందనే అనిపిస్తుంది. ఒకసారి ఆ మాటే అంటే, "అనుమానం ఉన్నోళ్లతోనే నాకు పని మంచిగైతది. నమ్మకం ఎక్కువున్నోళ్లు ఫోనెత్తరు" అన్నారు. నా అనుమానాన్ని మెచ్చుకున్న మనిషి ఆయనొక్కరే.

భూపాలపల్లి అవతల ఆడపిల్లల హాస్టల్ కట్టినప్పటి సంగతి చెప్పాలి. మా ఫోను నడక అయ్యేదాకా ఆగకుండానే కాంట్రాక్టర్ పునాదులకు ముగ్గు పోయించి, జేసీబీని పిలిచాడు. మేమింకా గేటు, చెట్టు, కరెంటు స్తంభం దాటుతున్నాం. తూర్పు మూలకు వచ్చాం.

"మెల్లగ రా అమ్మా, బావి ఉన్నది."

"బావేంది సార్? నాకేం లేదిక్కడ."

"అయితే మనిద్దరం ఒక్క జాగల లేము" అన్నారు.

నా తెర మీద ఆ మూలన, పిల్లలు పడుకునే గదుల కింద, స్తంభాలు వరుసగా నిలబడి ఉన్నాయి.

జరిగింది ఇదీ. నేను ప్లాన్‌ను సార్ సాఫ్ట్‌వేర్ చదివే పాత రూపంలోకి మార్చి పంపితే, దానికి లింకున్న సర్వే మారలేదు. సార్ దగ్గర అది తెరుచుకోలేదు. ఆయన ఆ పొద్దున నేరుగా భూపాలపల్లి సర్వేయర్‌నే అడిగి తెప్పించుకున్నారు. నాకు సర్వే ఇచ్చాక, ఎప్పుడో పూడ్చేసిన పాత బావి ఒకటుందని ఊరివాళ్లు చెబితే ఆ సర్వేయర్ దాన్ని కొలిచి, కొత్త పేరుతో ఇంకో ఫైలు చేసి పెట్టాడు. సార్‌కు వచ్చింది అదే. నా లింకు మాత్రం పాత పేరునే పట్టుకుని కూర్చుంది.

సార్‌ను లైన్లోనే ఉంచి కాంట్రాక్టర్‌ను కలిపాను. "ఏం పరేషాన్ జేస్తున్నరు మేడమ్? బావి ఏడున్నది? చాప వరిచినట్టున్నది నేల. మీ కంప్యూటర్ల పడ్డదేమో చూస్కోండి" అని నవ్వాడు. రెండు ఫైళ్లలో ఏది నిజమో నాకు మాత్రం ఏం తెలుసు?

సార్ అందుకున్నారు. "అన్నా, నువ్వన్నది కరెక్టే, పైకేం కనవడదు. జర గా మూలకు ఒక్క గుంత లోతుగ తీయి. గట్టి మన్ను తగిలితే నీ పని నువ్వు జేస్కో, మేమిద్దరం నోర్మూస్కుంటం."

కాసేపటికి కాంట్రాక్టర్ మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో వెక్కిరింపు లేదు. "మేడమ్, బకెట్ దిగవడ్డది. అంత మెత్తటి మన్నే, కుండ పెంకులే. మంచిగ ఆపిన్రు."

పడుకునే గదులను పడమటికి జరిపి మళ్లీ గీశాం. నేను కృతజ్ఞతలు చెప్పబోతే సార్ ఒప్పుకోలేదు. "నువ్వు లేదన్నవు కాబట్టి తెలిసింది. లేకున్నా ఉన్నది సార్ అంటివా, నేను గూడ నమ్మి పోయేటోన్ని" అన్నారు. అది నిజమో, నా బాధ తగ్గించడానికి అన్నారో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఏదైనా, అప్పటి నుంచి "నాకు కనపడట్లేదు" అనడానికి సిగ్గుపడటం మానేశాను. అదంతా ఆయన పెట్టిన భిక్షే.

దినాల నాడు మానుకోట వెళ్లాను. ఆయన భార్య నా చేయి పట్టుకుని, "పొద్దస్తమానం ఫోన్ల గేటు కాడ నిలవడు, మెల్లగ రా అంటుంటే, ముసలాయన ఏ పిల్లను తిప్పుతున్నడో అని మస్తు కొట్లాడిన. నువ్వేనా గా పిల్లవు!" అన్నారు. పక్కనున్నవాళ్లంతా నవ్వారు. ఆమె నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

తిరిగి ఇంటికి రావలసిన దాన్ని, ఎందుకో హనుమకొండలో భూపాలపల్లి బస్సెక్కాను. ఆదివారం కావడంతో పిల్లలు హాస్టల్ బయటే ఉన్నారు. తూర్పు వైపు గోడ ఒక చోట ఉన్నట్టుండి లోపలికి తిరుగుతుంది. ఆ మలుపులో, బావి ఉందని మేం వదిలేసిన ఖాళీ జాగాలో అటూ ఇటూ తీగలు కట్టి, ఉతికిన యూనిఫాంలు ఆరేశారు. వాటి నీడలో ఒక పిల్ల ఇంకో పిల్లకు జడ వేస్తోంది.

"ఎవలు గావాలె మేడమ్?" అంది జడ వేసే పిల్ల.

"ఎవరూ వద్దు బిడ్డా, ఊరికే చూస్తున్న."

ఆ పిల్ల మళ్లీ జడలో పడింది. గాలికి లేచిన యూనిఫాం అంచు నుంచి నీటి బొట్లు ఒక్కొక్కటే ఆ నేల మీద పడుతున్నాయి, ఇంకిపోతున్నాయి.