చేతికర్రకు పాకిన చిక్కుడు

మా అత్తయ్యను అందరూ మొండిఘటం అంటారు. ఇంట్లోనూ అంటారు, లాండ్రీలోనూ అంటారు. ఆవిడ వింటుంది, చేతులు తుడుచుకుంటుంది, తాను చేసేదేదో చేసుకుపోతుంది. నేను మాత్రం ఆ మాట కాదనను. ఆవిడ మొండిది కాకపోయి ఉంటే వాళ్ళ పుట్టింటి చిక్కుడు ఆ చలికాలంతోనే అంతరించిపోయేది.

అత్తయ్య అంటే మా మావయ్య భార్య. అమ్మ పోయాక నేను ఎనిమిదో తరగతి మధ్యలో ఆపేసి వీళ్ళింటికి వచ్చాను. కొన్నాళ్ళకు అత్తయ్య నన్ను కూడా తాను పనిచేసే లాండ్రీకి తీసుకెళ్ళింది. ఉతికి ఆరిన ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టడం మా పని. పెద్ద దుప్పటి ఒక్కరివల్ల కాదు. ఆ చివర ఆవిడ, ఈ చివర నేను. దులుపుతాం, లాగుతాం, దగ్గరికొచ్చి అంచులు కలుపుతాం, మళ్ళీ వెనక్కి జరుగుతాం. రోజంతా ఆవిడ ముఖం నా దగ్గరికి వస్తూ పోతూ ఉంటుంది. నాకు మాటలు తక్కువ, చూపు ఎక్కువ. ఆ ముఖంలో ఏ గీత ఎందుకు పడుతుందో నాకు ఆ దుప్పట్ల మధ్యే తెలిసింది.

చలికాలంలో మా ఇంట్లో సుఖమంటే చిక్కుడు గింజల కుండే. సాయంత్రం చేతులు పగిలి, ముక్కు ఎర్రబడి ఇంటికొస్తే వంటింటి కిటికీ అద్దం ఆవిరితో మసకబారి ఉండేది. వెల్లుల్లి, మిరియాలు, మెత్తగా ఉడికిన గింజలు. అత్తయ్య ఒక గరిటెడు గింజల్ని కుండ అంచుకేసి నొక్కి మెదిపేది. దాంతో కూర చిక్కబడేది. రొట్టె తుంచి అందులో ముంచుకుని, పొయ్యికి దగ్గరగా కూర్చుని తినేవాళ్ళం. కాసేపు ఎవరూ మాట్లాడేవారు కాదు, మా పెద్దమ్మ తప్ప.

పెద్దమ్మ మావయ్యకు అక్క. మోకాళ్ళ నొప్పులు. మా ముందుగదిలోకి ఎండ బాగా వస్తుందని చలికాలమంతా ఇక్కడే ఉంటుంది. ఆ గదిలో కిటికీ పక్కనే ఆవిడ మంచం, మంచం పక్కన ఆవిడ చేతికర్ర. ఆ గింజలు ముదురు ఎరుపు. ఒక్కోదాని మీద కన్నులాగా ఒక తెల్లమచ్చ. పెద్దమ్మకు అదే అలుసు.

"ఏమ్మా, మీ పుట్టింటివాళ్ళు గిన్నెలోంచి గుడ్లు మిటకరించి నన్నే చూస్తున్నారు."

"మీ అందం చూస్తున్నారు వదినా. చూడనివ్వండి," అనేది అత్తయ్య, ఇంకో గరిటె వడ్డిస్తూ.

పెద్దమ్మ ఎంత ఎగతాళి చేసినా రెండోసారి పెట్టించుకోని రోజు నేను చూడలేదు.

అత్తయ్య పెళ్ళయి వచ్చినప్పుడు తెచ్చుకున్న ఒక చిన్న మూటలోవి ఆ గింజలు. వాళ్ళమ్మ పండించినవి, అంతకుముందు వాళ్ళమ్మమ్మ పండించినవి. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, దాని మీదుగా రోడ్డు పోయింది. అన్నదమ్ములు తలోచోట అద్దె ఇళ్ళల్లో ఉన్నారు. ఒకసారి అత్తయ్య ఫోన్ చేసి, మీ దగ్గర ఇంకా ఉన్నాయా అని అడిగితే, "దుకాణంలో దొరకవా ఏంటే?" అని నవ్వారు. ఫోన్ పెట్టేశాక అత్తయ్య ముఖంలో పడ్డ గీత నాకు గుర్తుంది. ఆ రోజు నుంచి ఆ జాతికి మా ఇంటి వెనక గోడ పక్కనున్న బారెడు నేల తప్ప వేరే దిక్కు లేదు.

అందుకే ప్రతి ఏడూ కోత అవగానే మంచి గింజలు ముందు ఏరేది. బలిసినవి, మచ్చ చెదరనివి. వాటికి లాండ్రీ బాయిలర్ నుంచి తెచ్చిన కట్టెల బూడిద పట్టించి, రేకు డబ్బాలో పోసి, వంటింటి పై అరలో పెట్టేది. పురుగు పట్టకుండా బూడిద. తినేవి కింది అరలో గాజు సీసాలో ఉండేవి.

మా ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. రాత్రి ఎవరు ఆఖరున ఇంటికొస్తే వాళ్ళు మర్నాటికి గింజలు నానబోయాలి. పొద్దున ఎవరు ముందు లేస్తే వాళ్ళు పొయ్యి మీద పెట్టాలి. ఒకరినొకరు అడగక్కర్లేదు. బస్సుల షెడ్డులో మెకానిక్కు కాబట్టి ఆఖరున వచ్చేది ఎప్పుడూ మావయ్యే. చలికి నిద్రపట్టక ముందు లేచేది పెద్దమ్మ.

నడి చలికాలంలో ఒక పొద్దున నేను లేచి వంటింట్లోకి వెళ్ళేసరికి పెద్దమ్మ పొయ్యి మీద చేతులు చాపి వెచ్చబెట్టుకుంటోంది.

"గింజలు ఎక్కించేశాను. నువ్వు ఉల్లిపాయలు తరుగు," అంది.

నేను ఉల్లిపాయ అందుకోబోయి ఆగాను. ముందురోజు గాజు సీసా కడిగి బోర్లించింది నేనే. అందులో ఒక్క గింజ కూడా మిగల్లేదు. మరి కుండలోవి ఎక్కడివి? పైకి చూశాను. రేకు డబ్బా మూత తీసి ఉంది. కుండలోకి చూశాను. బలిసిన గింజలు, మచ్చ చెదరనివి.

పొయ్యి ఆర్పేశాను.

"ఏయ్! ఎందుకార్పావ్? నోరు లేదనుకుంటే చేతులొచ్చాయే నీకు!"

"ఇవి విత్తనాలు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ముఖం కడుక్కుంటున్న అత్తయ్య ఆ తడి ముఖంతోనే వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. కుండలో మణికట్టు దాకా చెయ్యి ముంచి, కళ్ళు మూసుకుని నిలబడింది. మేము ఊపిరి బిగబట్టాం. పెద్దమ్మ కూడా.

"గోరువెచ్చన. చెయ్యి కాలలేదు. బతికే ఉంటాయి," అంది.

అప్పుడే మావయ్య ఆవలిస్తూ వచ్చాడు. "సీసా ఖాళీగా ఉందని పై డబ్బా దింపాను. అబ్బ, ఎంత బూడిద పట్టి ఉన్నాయనుకున్నావ్! నాలుగు నీళ్ళు మార్చి తళతళలాడేలా కడిగాను," అని మా ముఖాలు చూసి, "ఏం, సరిగా కడగలేదా?" అన్నాడు.

"చాలా బాగా కడిగారు. అన్నీ వేసేశారా?" అంది అత్తయ్య.

"అన్నీ. ఇవాళ అందరికీ సెలవు కదా, నీకిష్టం కదా అని..."

అత్తయ్య తల ఊపింది. కోపగించుకోలేదు. ఆ ముఖంలో నేను అంతకుముందు చూడని గీత ఒకటి పడింది. నానిన గింజను మళ్ళీ ఎండబెట్టి దాచలేం. నాటాలి, లేదా తినాలి. బయట చూస్తే గిన్నెలో పెట్టిన నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి.

"అయిందేదో అయింది. పొయ్యి వెలిగించు. చలికి వేడిగా తినేద్దాం," అంది పెద్దమ్మ. "బజార్లో బస్తాలకు బస్తాలున్నాయి."

"ఇవి బజార్లో లేవు. ఉడికించను."

"మరేం చేస్తావ్?"

"నాటతాను."

"విన్నావురా తమ్ముడూ! బయట నేల రాయిలా ఉంటే నాటుతుందిట!"

"బయట నాటతానని ఎవరన్నారు వదినా?"

లాండ్రీలో సబ్బుపొడి ఖాళీ బకెట్లు కావలసినన్ని. సెలవైనా నేను వెళ్ళి, బయట పడేసినవి తెచ్చాను. వెనక గోడ పక్కన అత్తయ్య గునపం వేస్తుంటే మట్టి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. మేడ మీదావిడ శాలువా కప్పుకుని తొంగిచూసింది.

"ఈ చలిలో ఏం పాతిపెడుతున్నారు?"

"పాతిపెట్టడం లేదండీ, పైకి తీస్తున్నాం," అంది అత్తయ్య, గునపం ఆపకుండానే.

మట్టి పెళ్ళల్ని వంటింట్లో పొయ్యి పక్కన పెడితే కరిగి మెత్తబడ్డాయి. బకెట్లలో నింపి గింజలన్నీ నాటాం. ఆ పూట మేము ఉల్లిపాయలు, రొట్టె తిన్నాం. పెద్దమ్మ ఆ సంగతి వారం రోజులు అందరికీ చెప్పుకుంది.

చాలా గింజలు కుళ్ళిపోయాయి. కొన్ని మెడ వంచుకుని మట్టిలోంచి పైకొచ్చాయి. కానీ వంటింట్లో వెచ్చదనం ఉంది గాని వెలుగు లేదు. మొలకలు పాలిపోయి, నూలుపోగుల్లా సాగుతున్నాయి. ఇంట్లో ఎండ పడే కిటికీ ఒక్కటే. దాని పక్కన పెద్దమ్మ మంచం.

అత్తయ్య బకెట్టు పట్టుకుని ముందుగదిలోకి నడిచింది. వెనక నేనొకటి పట్టుకుని నిలబడ్డాను.

"ఏంటిది?" అంది పెద్దమ్మ.

"మీ మంచం మూరెడు ఇటు జరపాలి వదినా. వీటికి ఎండ కావాలి."

"మరి నా మోకాళ్ళకో? ముసలిదాన్ని నీడలోకి తోసి మొక్కలకి ఎండ ఇస్తావా?"

"మీకూ వస్తుంది. వీటికీ వస్తుంది. ఎండ ఒక్కరి సొత్తు కాదుగా."

"ఇది మా తమ్ముడి ఇల్లమ్మాయ్. మర్చిపోకు."

"నాది కూడా," అంది అత్తయ్య.

నెమ్మదిగానే అంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదలు. మావయ్య టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అటో ఇటో చెబుతాడని అందరం చూస్తున్నాం. ఆయన గ్లాసు కింద పెట్టి, లేచి, మంచం కోడు రెండు చేతులా పట్టుకున్నాడు.

"అక్కా, గట్టిగా పట్టుకో," అని అక్కతో సహా మంచాన్ని ఇవతలికి లాగాడు.

"దేవుడా! ఇద్దరూ ఒకటయ్యారే!" అని పెద్దమ్మ పెట్టిన కేక మేడ మీదావిడకు కూడా వినిపించి ఉంటుంది.

ఆ తర్వాత చలి ఇంకా ముదిరింది. కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పేరుకునేది. మావయ్య పాత కాగితాలు కుక్కి సందులు మూశాడు. సాయంత్రాలు అత్తయ్య, నేను లాండ్రీ నుంచి రాగానే చెప్పులు కూడా విడవకుండా ముందు బకెట్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళం. రోజూ ఏదో ఒకటి నల్లబడి వాలిపోయి ఉండేది. పెద్దమ్మ మంచం మీంచి చావుకబురు వినిపించేది. "ఇవాళ మీ పెద్దన్నయ్య పోయాడమ్మాయ్." అత్తయ్య చచ్చినదాన్ని పీకి, మిగిలినవాటి మట్టి వేలితో సరిచేసేది. చివరికి ఒక్కటే మిగిలింది. మంచానికి అతి దగ్గరగా ఉన్న బకెట్టులోది.

ఆ రోజుల్లోనే పెద్దమ్మకు మోకాళ్ళు బిగుసుకుపోయి కొన్నాళ్ళు మంచం దిగలేదు. కర్ర ఆ బకెట్టుకు ఆనించినది ఆనించినట్టే ఉండిపోయింది. నొప్పి తగ్గి లేవబోయిన రోజున మళ్ళీ కేక.

"నా కర్ర!"

తీగ కర్రను చుట్టుకుని పిడి దాకా పాకి, అక్కడ పట్టు దొరక్క గాలిలో తల ఆడిస్తోంది. పెద్దమ్మ కర్ర పట్టి గుంజబోయింది. అత్తయ్య ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"లాగితే తెగుతుంది."

"మరి నేను నడిచేదెలా?"

"నా భుజం పట్టుకోండి."

"కర్ర ఇవ్వవా?"

"ఇవ్వను వదినా. కావాలంటే నా భుజాలు రెండూ ఇస్తాను."

పెద్దమ్మ తిట్టింది. అత్తయ్య భుజం పట్టుకుని నడుస్తూనే తిట్టింది. మావయ్య ఎక్కడినుంచో నేల తుడిచే కర్ర ఊడదీసి తెస్తే, "దీంతో తిరిగితే నన్ను పనిమనిషి అనుకుని వాకిలి తుడవమంటారు," అని విసిరేసింది. మేము పనికి పోయినప్పుడు ఎలా నడిచేదో, ఎవరిని పట్టుకునేదో తెలియదు. అడిగితే, "నేనెక్కడికీ పోలేదు. ఈ దెయ్యానికి కాపలా కూర్చున్నా," అనేది.

తీగ పూసింది. పూలు కొన్నే. వాటిలో కొన్ని రాలిపోయాయి. చలి విరిగేనాటికి కర్ర పిడి దగ్గర కొన్ని కాయలు పండి, ఎండి, గలగలమన్నాయి. అత్తయ్య వాటిని కోయబోతుంటే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"కర్ర నాది. ఎండ నాది. కాయలూ నావే."

అత్తయ్య ఆవిడ వైపు చూసింది. నేను అత్తయ్య ముఖం చూశాను. గీత పడలేదు. కాయలు కోసి అరచేతిలో ఒలిచింది. ముదురెరుపు గింజలు, తెల్లటి కళ్ళు. మేమందరం వాటి చుట్టూ వంగాం. వాటిని మంచం మీద మూడు కుప్పలు చేసింది.

"ఇన్నేళ్ళూ ఒక్క డబ్బాలో దాచి పెద్ద తెలివైనదాన్ని అనుకున్నాను. ఇక అలా కాదు. ఇది నాది. ఇది ఈ పిల్లది. ఇది మీది వదినా, మీ ఇంటికి వెళ్ళాక నాటుకోండి. ఉడికించుకు తిన్నారో..."

"తింటే ఏం చేస్తావ్?"

"వచ్చే చలికాలం మళ్ళీ కర్ర లాక్కుంటాను."

"మరి నాకు?" అన్నాడు మావయ్య.

"మీకు గింజ ఇస్తే కడుగుతారు."

నేను బూడిద తెచ్చుకుని నా కుప్పకు పట్టించడం మొదలుపెట్టాను. అమ్మ పోయాక నాదంటూ ఒకరు నా ముందు పెట్టినది అదే. గింజ గింజకూ జాగ్రత్తగా రాస్తున్నాను. పెద్దమ్మ కాసేపు చూసింది. తన కుప్పను దుప్పటి మీంచి ఒక్కటి కూడా జారిపోకుండా దోసిట్లోకి తీసుకుంది.

"ఏయ్ నోరులేనిదానా, ఆ బూడిద కాస్త ఇటు జరుపు."

"నాకు నోరుంది పెద్దమ్మా," అన్నాను. అని, బూడిద గిన్నె ఆవిడ ముందుకు జరిపాను.