కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు

మొయినాబాద్‌లో మేం కిరాయికి ఉండేది కింది పోర్షన్‌లో. పైన ఇంటివాళ్ళు ఉంటారు. ఇంటావిడను అక్కా అని పిలిచేదాన్ని. ఆమే నేనూ ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళం, పాటలప్పుడు పక్కపక్కనే నిలబడేవాళ్ళం. నాకు ఇంటి నుంచే చేసే ఉద్యోగం దొరికిందని చెప్పగానే, "వేరే నెట్ ఎందుకు పెట్టించుకుంటవ్ చెల్లె? మాది ఉన్నది గద, వాడుకో" అని తనే పాస్‌వర్డ్ చెప్పింది. అలాంటి మనిషి ఇంట్లో ఉంటున్నందుకు ఆ రోజు మా ఆయన దగ్గర ఎంత పొంగిపోయానో.

ఒక కంపెనీ కస్టమర్లకు చాట్‌లో జవాబులివ్వడం నా పని. వాళ్ళిచ్చిన కంప్యూటర్‌లో వైఫై లేదు కాబట్టి, యూఎస్‌బీలో పెట్టే చిన్న అడాప్టర్ ఒకటి కొన్నాను. మొదట్లో బాగానే నడిచింది. తర్వాత ఎవరికో జవాబు టైప్ చేస్తుండగానే ఆగిపోవడం మొదలైంది. అడాప్టర్ లైటు వెలుగుతూనే ఉండేది. "కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అని తెర మీద కనిపించేది. కాసేపటికి దానంతట అదే తిరిగొచ్చేది.

నా ఫోన్‌లో అదే వైఫై మంచిగా వచ్చేది. అందుకే తప్పు అడాప్టర్‌దే అనుకున్నాను. కంప్యూటర్ వెనక నుంచి తీసి ముందు పెట్టాను. దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. కరెంటు ఆదా కోసం కంప్యూటరే దాన్ని ఆపేస్తుందని ఒక వీడియోలో చెబితే ఆ సెట్టింగూ మార్చాను. చివరికి చేవెళ్ళ వెళ్ళి కొత్తది కొనుక్కొచ్చాను. అదీ కొన్నాళ్ళు నడిచి మళ్ళీ అదే వరస. "మీ నెట్ సంగతి తేల్చుకోండి, లేకపోతే కష్టం" అని మా సూపర్‌వైజర్ ఫోన్ చేసింది.

పైకెళ్ళి అడిగితే అక్క, "మాకు మంచిగనే వస్తున్నది. నీ కంప్యూటర్‌లనే ఏదో ఉన్నది, జర ఎవరికన్న చూపించు" అనేది. ప్రార్థన కూటంలో నా చేయి పట్టుకుని, "మా చెల్లె నౌకరి నిలబడాలె తండ్రీ, ఆ కంప్యూటర్ బాగుపడాలె" అని అందరి ముందూ ప్రార్థించింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఒక పొద్దున నెట్ పోగానే, నా ఫోన్ డేటాతో హాట్‌స్పాట్ పెట్టి అదే అడాప్టర్ కలిపాను. మధ్యాహ్నం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. అంటే లోపం పైన వాళ్ళ వైఫై డబ్బాలో ఉందేమో, చెబుదామని మెట్లెక్కాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల అక్క తన కొడుకుతో అంటోంది:

"మీటింగ్ అయిపోయిందారా? ఫోన్‌లకెల్లి కింది కంప్యూటర్‌కు నెట్ ఆన్ చెయ్యి. మళ్ల పైకొచ్చి అడుగుతది."

"ఇంకో మీటింగ్ ఉన్నది మమ్మీ. ఆమె కంప్యూటర్ నడిస్తే నాది స్లో అయితది."

నేను తలుపు తోశాను. "అక్కా, మీరే బంద్ చేస్తున్నరా?"

కొడుకు ఫోన్ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. అక్క ఒక కుర్చీ నా వైపు జరిపింది.

"పిల్లగానికి మీటింగులుంటయి గద. నీకు ముఖం మీద ఎట్ల చెప్పాలె? బాధపడ్తవని చెప్పలే."

"చెప్తే వేరేది పెట్టించుకుంటుంటి గద అక్కా. నా నౌకరి పోయేటట్టున్నదని నీకు తెల్వదా?"

"గింత దానికి గంత కోపమెందుకు చెల్లె?"

కిందికొచ్చేశాను. నెట్ వాళ్ళది, ఆపుకోవడం వాళ్ళిష్టం. అందుకు కాదు నా బాధ. కారణం తెలిసి కూడా నన్ను చేవెళ్ళ దాకా తిరగనిచ్చింది. తెలిసి కూడా దేవుడి ముందు నా కోసం కళ్ళు మూసుకుని ప్రార్థించింది.

సొంత కనెక్షన్ పెట్టించుకున్నాను. ఉద్యోగం నిలబడింది. తర్వాతి ఆదివారం చర్చి బయట నలుగురు ఆడవాళ్ళ మధ్య ఆమె నవ్వుతూ, "మాది వాడుకోమంటే ఇనలే, పట్టుబట్టి వేరే పెట్టించుకున్నది" అంది. అందరూ నావైపు చూశారు, మేలు చేస్తానంటే వద్దన్న మనిషిని చూసినట్టు. జరిగింది చెబుదామని నోరు తెరిచాను. చెప్పకుండానే మా ఆయన బండి దగ్గరికి నడిచి వెళ్ళిపోయాను.