నాయన చెవిలో నా మిషన్

చిన్నప్పుడే జ్వరం వచ్చి నా చెవులు పోయాయి. దాని గురించి నేను పెద్దగా ఏడ్చింది లేదు, ఏడ్చిందంతా మా ఇంట్లోవాళ్ళే. ఆళ్ళగడ్డలో మా నాయనకు సైకిల్ షాపు ఉండేది. ఎవరు చెప్పారో గానీ, డెబ్బైలు ముగిసే రోజుల్లో నన్ను బస్సెక్కించి నంద్యాలలో ఒక చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. వినికిడి మిషన్ అంటే ఒక చిన్న డబ్బా, దానికొక తీగ, తీగ చివర చెవిలో దూర్చుకునే బిళ్ళ. డాక్టరు డబ్బాను నా చొక్కా జేబులో పెట్టి మీట తిప్పాడు.

అబ్బ, ఏం రోజది! షాపుకు తిరిగి రాగానే అక్కడున్న సైకిల్ బెల్లులన్నీ మోగించాను. రిపేరుకొచ్చిన సైకిళ్ళవి కూడా వదల్లేదు. మా అక్క రెండు చెవులూ మూసుకుంది. నాయన మాత్రం కళ్ళు తుడుచుకుంటూ వింటూ నిలబడ్డాడు.

ఆ మిషన్‌కు మంచీ చెడూ తెలియదని తర్వాత అర్థమైంది. బెల్లును ఎంత ప్రేమగా తెచ్చి చెవిలో వేస్తుందో, చొక్కా గుడ్డ డబ్బాకు రాసుకునే గరగరనూ అంతే ప్రేమగా వేస్తుంది. ఇప్పటికీ వాన చప్పుడు వినాలంటే మిషన్ పెట్టుకుంటాను. నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే మాత్రం పెదాలు చూసి పట్టుకునే మాటలే నాకు నయం. ఇక అప్పట్లో చాగలమర్రి బస్సెక్కితే వేరే తంటా. క్రికెట్ రోజుల్లో పక్క సీటాయన నా మోచేయి తట్టి, "ఏందప్పా, స్కోరెంత?" అనేవాడు. అందరికీ అది ట్రాన్సిస్టరే! మొదట్లో కాదని చెప్పి చూశాను. తర్వాత విసుగొచ్చి, "మనోళ్ళు బాగా ఆడతాండారు" అనేవాణ్ణి. వాళ్ళ మొహాలు వెలిగిపోయేవి.

నాయనకు మాత్రం ఆ మిషనే నేను. పొద్దున లేస్తే "మిషన్ యాడరా?" అనే మాటతోనే తెల్లారేది. "అది లేకుంటే నీకు పిల్లనెవురిస్తారు?" అని బెదిరించేవాడు. డబ్బా జేబులో ఉంటే నేను బాగైపోయిన కొడుకును, తీస్తే చెవిటివాణ్ణి. నాకు అక్కడే ఒళ్ళు మండేది. పైగా నాకు కబడ్డీ అంటే పిచ్చి. నడుము పట్టి నలుగురు మీద పడితే ఆ డబ్బా ఏం మిగులుతుంది? అందుకే డబ్బాను అక్క చేతికిచ్చి, నాయనకు తెలియకుండా ఊరి బయట ఆడుకునేవాణ్ణి.

కబడ్డీ అంటేనే కూత. గీత దాటి అవతలికి పోయినవాడు తిరిగి వచ్చేదాకా ఒకే ఊపిరిలో "కబడ్డీ కబడ్డీ" అంటూనే ఉండాలి. తెగిందా, అవుట్. నా కూత నాకు వినపడదు కదా! అక్క నా అరచేతిని ఒకసారి తన గొంతు మీద, ఒకసారి నా గొంతు మీద పెట్టి నేర్పింది. అదురు ఆగితే కూత ఆగినట్టు. ఇంటి వెనక గోడకు రోజూ నా కూత వినిపించేవాణ్ణి.

ఎనభైల మొదట్లో ఒక ఉగాదికి మా ఊళ్ళో పోటీలు పెట్టారు. ఆఖరి ఆట నంద్యాల జట్టుతో. నేను బరిలోకి దిగుతుంటే వాళ్ళ కెప్టెన్ చెయ్యెత్తాడు.

"ఈయప్పకు ఇనపడదు సార్. విజిలేస్తే ఎట్ల తెలుస్తాది? కూత తెగినా తెల్దు."

అంపైరు నా వైపు తిరిగి, "మిషన్ పెట్టుకోని ఆడు. లేకుంటే బయటికి పో" అన్నాడు.

అదే సమయానికి జనంలోంచి నాయన వస్తున్నాడు, చేతిలో నా డబ్బా! అక్క దగ్గర లాక్కున్నట్టున్నాడు. ఇక మెడ పట్టి ఇంటికి ఈడ్చుకుపోతాడనుకున్నాను. ఆయన చేరేలోపే అంపైరు భుజం మీది ఎర్ర తువ్వాలను లాగాను. విజిల్ ఊదినట్టు నటించి, తువ్వాల పైకెత్తి ఊపాను. నువ్వు ఊదినప్పుడల్లా ఇది ఎత్తు, నేను చూస్తాను అని నా సైగ! తర్వాత అరచెయ్యి గొంతుకు ఆనించి కూత అందుకున్నాను. జనం నోళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఊపిరి అయిపోయి అదురు ఆగగానే, ఆగిందని వేలెత్తి చూపించాను.

అంపైరు నవ్వాడు. నంద్యాల కెప్టెన్ కూడా తల ఊపి, "ఆడనీ సార్" అన్నాడు.

నాయన ఉన్నచోటే నిలబడిపోయాడు. డబ్బా నాకివ్వాలో వద్దో తెలియక, చివరికి తన జేబులోనే వేసుకుని పక్కకు తప్పుకున్నాడు.

ఆట సమానంగా నడిచింది. ఆఖరి కూత నాది. గీత దాటి పోయాను! జనం గంతులకు నా కాళ్ళ కింద నేల అదురుతోంది. మూలనున్నవాడి మోకాలు తాకి వెనక్కి తిరిగేసరికి ఇంకొకడు నా కాలు దొరకబుచ్చుకున్నాడు. బోర్లా పడ్డాను. కూత మాత్రం నా ఛాతీలో ఆడుతూనే ఉంది. చెయ్యి చాచి, ఈడ్చుకుంటూ పోయి, గీత మీద వేళ్ళు పెట్టాను. ఎర్ర తువ్వాల లేచింది! గెలిచాం!

మావాళ్ళు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. అక్కణ్ణుంచి నాయన కోసం వెతికాను. డబ్బా ఆయన జేబులో ఉంది, బిళ్ళ ఆయన చెవిలో ఉంది! నా కూత బాగా వినాలని పెట్టుకున్నాడట, తర్వాత అక్క చెప్పింది. సౌండు మీట నేను పెంచుకునే చోటే ఉంది. జనం అరుపంతా ఒక్కసారిగా మీద పడేసరికి ఆయన బిళ్ళ పీకేసి, మొహం చిట్లించి చెవి రుద్దుకుంటున్నాడు.

కిందికి దిగి ఆయన దగ్గరికి పరిగెత్తాను. నాకు పెదాలు కనపడేట్టు నిదానంగా అన్నాడు.

"ఇంత గోలా నాయనా? ఇన్నేండ్లు ఎట్ల ఓర్చుకున్యావురా?"

నేను పడీ పడీ నవ్వాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తీగను జాగ్రత్తగా డబ్బాకు చుట్టి, అరచేతిలో పట్టుకుని నా మొహంలోకి చూశాడు.

"పెట్టుకుంటావా? నా జోబులోనే ఉండనీనా?"

ఆ మిషన్ పెట్టుకుంటావా లేదా అని నన్ను ఎవరైనా అడగడం అదే మొదటిసారి.

"ఉండనీ నాయనా" అన్నాను.